లారీ రికార్డు డిలీట్ అవ్వనంటోందా? ఏది మేలు?

భీమవరం వైపు చేపల లోడ్లు ఎత్తే ఆఫీసులో పాత లారీ ఒకటి అమ్మేశారనుకోండి. సాఫ్ట్‌వేర్‌లో వెహికల్ మాస్టర్ (బండ్ల వివరాలుండే లిస్టు) తెరిచి ఆ నంబరు మీద డిలీట్ నొక్కితే, ఈ రికార్డు వాడుకలో ఉంది, తీయడం కుదరదు అంటుంది. వెనకున్న డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే 1451, ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే 547 అనే నంబరూ కనిపించొచ్చు. సాఫ్ట్‌వేర్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. ఆ లారీ పేరు మీద ట్రిప్ షీట్లున్నాయి, వాటి కింద డీజిల్ స్లిప్పులు, డ్రైవర్ అడ్వాన్సులు ఉన్నాయి. లారీ పోతే అవన్నీ దిక్కులేనివవుతాయని డేటాబేస్ అడ్డుపడుతోంది, అంతే.

ఓపికుంటే కింద నుంచి పైకి తీసుకుంటూ రావచ్చు: ముందు రసీదు, తర్వాత బిల్లు, ఎల్‌ఆర్ (సరుకు ఎత్తినప్పుడు రాసే లారీ రసీదు), డీజిల్ స్లిప్పులు, అడ్వాన్సులు, ట్రిప్ షీట్, ఆఖరున లారీ. వరస తప్పితే మళ్లీ అదే ఎర్రర్. నేర్చుకునే రోజుల్లో కొట్టిన డమ్మీ ఎంట్రీలకు ఈ పద్ధతి చాలు. నిజంగా తిరిగిన బండికి మాత్రం వద్దు.

సపోర్ట్ వాళ్లకి ఫోన్ చేస్తే కొందరు డేటాబేస్‌లోకి దూరి క్యాస్కేడ్ పెట్టి, అంటే లారీతో పాటు దాని కింద ఉన్నవన్నీ వాటంతటవే పోయేలా చేసి, లేపేస్తామంటారు. పని నిమిషంలో అయిపోతుంది, గొడవ తర్వాత మొదలవుతుంది. లారీతో పాటు దాని కిరాయి బిల్లులూ పోతే పార్టీ (సరుకు పంపే కస్టమర్) దగ్గర రావలసిన బాకీ టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకలా, ఇక్కడ ఒకలా కనిపిస్తుంది. పైగా జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఆడిటర్ అడిగితే ఏం చూపిస్తారు?

నా ఓటు ఇన్‌యాక్టివ్‌కే, అంటే రికార్డు తీయకుండా వాడుకలో లేదని గుర్తు పెట్టడానికే. కొత్త ట్రిప్ వేసేటప్పుడు ఆ నంబరు లిస్టులో రాదు, పాత రిపోర్టులు చెక్కుచెదరవు. కాకపోతే అంతకు ముందే మూయని ట్రిప్పులు, డ్రైవర్‌కి సెటిల్ కాని అడ్వాన్సు ఉన్నాయేమో చూసుకోవాలి. లేదంటే అవి ఏ స్క్రీన్‌లోనూ కనపడకుండా ఇరుక్కుంటాయి. అదే బండి రేపు అద్దెకు మళ్లీ వస్తే కొత్తగా ఎంట్రీ చేయబోకండి, డూప్లికేట్ నంబరు అంటుంది. పాతదాన్నే యాక్టివ్ చేస్తే సరి.

ఎల్‌ఆర్ తప్పు పడితే లెక్క వేరు. డిలీట్ చేస్తే వరస నంబర్లో ఖాళీ పడుతుంది, అందుకే క్యాన్సిల్ చేసి కారణం రాయడమే మేలు. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) తీసి ఉంటే, తీసిన 24 గంటల్లోపు దాన్ని విడిగా రద్దు చేయాలి. దారిలో అధికారులు తనిఖీ చేశాక ఆ అవకాశమూ ఉండదు. రావులపాలెం అరటి గెలలకు, అంబాజీపేట కొబ్బరికాయలకు ఈ-వే బిల్లే అక్కర్లేదు కాబట్టి ఆ బెంగ లేదు.

ఇక ఒకే పార్టీ రెండు స్పెల్లింగులతో రెండుసార్లు పడిందనుకోండి. అక్కడ ఇన్‌యాక్టివ్ కూడా సగం వైద్యమే, బాకీ రెండు ముక్కలుగానే ఉండిపోతుంది. రెండు పేర్లనూ ఒకటిగా కలిపే మెర్జ్ ఆప్షన్ ఉందేమో సపోర్ట్ వాళ్లని అడగండి. బ్యాకప్ తీసుకుని, ఎల్‌ఆర్‌లు, బిల్లులు, రసీదులు అన్నీ ఒక పేరు మీదికి మార్పిస్తే, ఖాళీ అయిన రెండో పేరు ఏ ఎర్రరూ లేకుండా మామూలుగానే డిలీట్ అవుతుంది.