స్టుట్‌గార్ట్ వెళ్తే కార్ల మ్యూజియాలే కాదు, శిథిలాల గుట్ట కూడా ఎక్కండి

జర్మనీలోని స్టుట్‌గార్ట్ అనగానే మనవాళ్ళు చెప్పేవి మెర్సిడెస్ మ్యూజియం, పోర్షా మ్యూజియం. అక్కడ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళు కూడా చుట్టాలొస్తే ముందు అటే తీసుకెళ్తారు. బాగుంటాయి, కాదనను. కానీ ఊరు ఇప్పుడిలా ఎందుకుందో తెలియాలంటే ఆర్నుల్ఫ్ క్లెట్ అనే మేయర్ సంగతి కాస్త తెలిసుండాలి.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945 ఏప్రిల్‌లో ఫ్రెంచి సైన్యం ఊళ్ళోకొచ్చి, ఏ పార్టీకీ చెందని ఈ 40 ఏళ్ళ లాయర్ని మేయర్ కుర్చీలో కూర్చోబెట్టింది. అప్పటికి 53 సార్లు వైమానిక దాడులు జరిగి ఊరి నడిబొడ్డంతా కూలిపోయి ఉంది. కొన్ని నెలలకే ఫ్రెంచివాళ్ళు పోయి అమెరికావాళ్ళొచ్చారు, వాళ్ళూ ఈయన్నే ఉంచారు. ఆ తర్వాత ఎన్నికల్లో గెలుస్తూ 1974లో చనిపోయేదాకా ఆయనే మేయర్.

ఒక్క చోటికే టైముంటే బిర్కెన్‌కోఫ్ గుట్టకి వెళ్ళండి. 1953 నుంచి 1957 దాకా సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల శిథిలాలు తెచ్చి పోస్తే, ఉన్న కొండే దాదాపు 40 మీటర్లు పెరిగి 511 మీటర్లయింది. రోటెబ్యూల్‌ప్లాట్జ్ దగ్గర 92 నంబర్ బస్సెక్కితే కిందే దించుతుంది, పైకి దారి గుట్టని చుట్టుకుంటూ పోతుంది కాబట్టి పెద్దవాళ్ళు కూడా మెల్లగా ఎక్కేయొచ్చు. పైన మట్టి కప్పకుండా వదిలేసిన రాళ్ళు గుట్టలుగా పడున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఒకదాని మీద సగం విరిగిన నగిషీ, ఇంకోటి ఏ మేడ ముందుదో స్తంభం ముక్క. జనం వాటి మీదే కూర్చుని శాండ్‌విచ్‌లు తింటూ కింద ఊరిని చూస్తుంటారు. టికెట్ లేదు, నీళ్ళ సీసా మాత్రం పట్టుకెళ్ళండి.

స్టాట్‌పలై అనే ఊరి చరిత్ర మ్యూజియం రెండోది. 1944లో కాలిపోయిన రాజభవనమే, శాశ్వత ప్రదర్శన ఉచితం, సోమవారం సెలవు. అయితే దాని ముందున్న రోడ్డు దాటడమే పెద్ద పని! క్లెట్ హయాంలో ఊరిని త్వరగా నిలబెట్టారు గానీ కార్ల కోసం నిలబెట్టారేమో అని నాకక్కడే అనిపించింది. కోనిగ్‌స్ట్రాసె అనే పెద్ద బజారు వీధి పక్కన యువరాజు భవనాన్ని కూడా 1963లో రోడ్ల కోసమే పడగొట్టేశారు, ఇప్పుడక్కడ గాజు పెట్టెలాంటి ఆర్ట్ మ్యూజియం ఉంది. అలాగని అంతా కార్లకే రాసిచ్చారనీ అనలేం, షూల్‌స్ట్రాసెని 1953లోనే నడిచేవాళ్ళకి వదిలేశారు, జర్మనీలో అలాంటి మొదటి వీధుల్లో అదొకటి.

టౌన్‌హాల్ 1956లో కట్టింది, బయటినుంచి మన కలెక్టరేట్ కంటే గొప్పగా ఏమీ ఉండదు. లోపల తలుపుల్లేకుండా ఆగకుండా తిరిగే పాత లిఫ్టుంది, ఆఫీసు వేళల్లో వెళ్ళి అదొక్కటి చూసి రండి, పిల్లలుంటే చెయ్యి గట్టిగా పట్టుకోండి.

స్టేషన్ ముందున్న చౌకు, దాని కిందున్న షాపుల సొరంగ దారి క్లెట్ పాసేజ్ మేయర్ పేరు మీదే ఉన్నాయి. చూడ్డానికేమీ లేదు. ఆదివారం ఊళ్ళో షాపులన్నీ మూసేసినప్పుడు మాత్రం స్టేషన్ చుట్టుపక్కలే దిక్కు.

బసకి స్టేషన్ పక్కన ఒక హోటల్ తీసుకున్నాం, రాత్రంతా చప్పుడు, టిఫిన్‌కి వేరే డబ్బులు. పశ్చిమం వైపు, వెస్ట్ అనే పేటలో చూసుకోండి, బిర్కెన్‌కోఫ్ బస్సు కూడా దగ్గరవుతుంది. శాకాహారులు మౌల్‌టాషెన్ (పిండి పొరల్లో కూరి చేసే అక్కడి వంటకం) అడిగే ముందు లోపలేముందో కనుక్కోండి, మామూలుగా మాంసం ఉంటుంది. చీజ్ వేసిన ష్పెట్‌స్లె (అక్కడి నూడుల్స్ లాంటివి) అయితే మామూలుగా మాంసం ఉండదు గానీ పిండిలో గుడ్డు కలుపుతారు, గుడ్డు తినేవాళ్ళకైతే టెన్షన్ లేదు, పైన వేయించిన ఉల్లిపాయలతో మన నోటికి కూడా బాగానే ఎక్కుతుంది.