పైలం: చెరువులో గైడెడ్ కయాక్ టూర్‌కు ఫోన్‌పే కొట్టే ముందు

లక్నవరం, రామప్ప, పాకాల చెరువుల పేర్లు చెప్పి హన్మకొండలో ఒక ‘గైడెడ్ కయాక్ టూర్’ ప్యాకేజీ అమ్ముతున్నారు. ప్రకటనలో మూడు గంటలు, దీవుల చుట్టూ. నీళ్ల మీద దక్కేది నలభై నిమిషాలు. పద్నాలుగు మందికి ఒక్కడే గైడు, అతనూ గట్టు మీదే విజిల్ పట్టుకుని నిలబడతాడు. సరే, పైసలు పోతే పోయినయి. అసలు భయం పడవతోనే.

అవి సిట్-ఆన్-టాప్ కయాక్‌లు, అంటే మూసి ఉన్న డొల్ల మీద కూర్చుని తెడ్డు వేసే పడవలు. లోపల చేరిన నీళ్లు వంపడానికి వెనక కొసన బొటనవేలంత ప్లగ్గు ఉంటుంది. వీళ్ల పడవల్లో కొన్నింటికి అది లేదు, పాలిథిన్ కవరు కుక్కారు. కూర్చునే చోట ఉండే రంధ్రాల సంగతి వేరు. వాటిలోంచి కాసిన్ని నీళ్లు పైకి రావడం మామూలే, గాభరా వద్దు. ప్లగ్గు లేకపోతే మాత్రం నీళ్లు డొల్లలోకి చేరతాయి, పైకి కనిపించవు. మొదట వెనక భాగం కుంగుతుంది, తెడ్డు ఎంత వేసినా పడవ బరువుగా లాగుతుంది. ఆ నీళ్లన్నీ ఒక పక్కకు ఉరికాయంటే బోల్తా. ఎక్కేముందు ఒక కొస ఎత్తి ఊపండి. లోపల గలగలమంటే ఆ పడవ వద్దనండి.

లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకున్నాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా లేస్తే అది నీళ్లలో తల మీంచి ఊడొస్తుంది. లేబుల్ మీద 50 (తేలించే బలం, న్యూటన్లలో) ఉంటే ఈత వచ్చినవాళ్లకు, రానివాళ్లు 100 అడగాలి. ఇక్కడ సగం జాకెట్లకు లేబులే చెరిగిపోయింది. పిల్లలకు పెద్దల సైజువే తాళ్లు బిగించి తొడుగుతున్నారు, అసలు ఒప్పుకోవద్దు.

ఎండాకాలం సాయంత్రం బ్యాచ్ కూడా వద్దు. గాలిదుమారం లేచి చెరువు నడుమకు తోసిందంటే, కొత్తవాళ్లు ఎదురు తెడ్డు వేసి ఒడ్డు పట్టలేరు. పాకాల అభయారణ్యం, అక్కడ మొసళ్లున్నాయి కూడా. అటవీ శాఖ అనుమతి కాగితం చూడనిదే బయల్దేరకండి.

ఎవరి దగ్గర బుక్ చేసినా ముందే అడగండి: గైడు తనూ కయాక్‌లో వస్తాడా, ఆరేడుగురికి ఒకరైనా ఉంటారా, అతని దగ్గర పడవను లాగే తాడు ఉందా.

అడ్వాన్స్ ఇచ్చేసినవాళ్లు ప్రకటన, చెల్లింపు స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.