‘అడవి చిలుకలు తప్పకుండా చూపిస్తాం’ అంటే నమ్మి డబ్బు కట్టకండి

ఈ సాయంత్రమే హనుమకొండకు తిరిగొచ్చాం. నిద్ర పట్టక ఇప్పుడే రాస్తున్నాను. ములుగు దాటాక అడవి లోపల, పక్షులు చూపిస్తామనే ఆ బస గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చిలుక బొమ్మ ఉన్న వాళ్ల ప్రకటన సంక్రాంతి నుంచి అందరి ఫోన్లలో తిరుగుతోంది. అది అటవీశాఖ వారిది కాదు, ప్రైవేటు వాళ్లది. ఇద్దరికి ఒక రాత్రి బస, భోజనం, తెల్లవారుజామున గైడుతో నడక, అన్నీ కలిపి 8,500 రూపాయలు. మొత్తం ముందే కట్టించుకున్నారు.

వెళ్లింది మా నాన్న కోసం. ఆయనకు 74 ఏళ్లు, నర్సంపేట దగ్గర పల్లెలో పెరిగారు. మామూలు రామచిలుకలు మా వీధిలోని వేపచెట్టు మీదికి ఇప్పటికీ వస్తాయి. నాన్న తలుచుకునేది వాటిని కాదు, చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో తోలిన పెద్ద చిలుకలను. భుజం మీద ఎర్రటి మచ్చ, బరువైన ఎర్ర ముక్కు, తోకతో కలిపి రెండడుగులకు కాస్త తక్కువ పొడవు. పక్షులు చూసేవాళ్లు అలెగ్జాండ్రిన్ పారాకీట్ అంటారు. గూళ్లలోంచి పిల్లలను ఎత్తుకెళ్లి అమ్మడం వల్ల, తొర్రలున్న పెద్ద చెట్లు పోవడం వల్ల అది తగ్గిపోతోంది. ముప్పుకు దగ్గరవుతున్న జాతుల్లో, ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని చేర్చింది. ‘ఒక్కసారి మళ్లీ చూస్తే చాలు’ అని నాన్న ఎన్నేళ్లుగానో అంటున్నారు. ప్రకటనలో ఆ ఎర్ర మచ్చ కనిపించగానే నేను ఇంకేమీ ఆలోచించలేదు.

గది, భోజనం సంగతి వదిలేయండి. దోమతెర చిరిగి ఉంది, అంతే.

తెల్లవారి ఐదున్నరకు లేపారు. మంచు ఇంకా విడలేదు. ఎండిన టేకాకుల మీద నాన్న కర్ర ఊతంతో మెల్లగా నడుస్తున్నారు. గైడుగా వచ్చిన కుర్రవాడు ముందు నడుస్తూ ఒక్కసారి కూడా తల ఎత్తి చెట్ల వంక చూడలేదు. పక్షులు చూపించడానికి వచ్చినవాడు ఏ కూతకూ ఆగకుండా నేల చూసుకుంటూ నడవడం నాకు అప్పుడే వింతగా తోచి ఉండాల్సింది. ఇరవై నిమిషాల తర్వాత ఒక ఇప్పచెట్టుకు కాస్త దూరంలో ఆగి, వేలు చూపించాడు. ఇంతకన్నా దగ్గరికి వెళ్తే ఎగిరిపోతుందని చెప్పాడు.

కింది కొమ్మ మీద కూర్చుని ఉంది. ఎర్ర మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. బైనాక్యులర్ పట్టుకున్న నాన్న చేతులు వణికాయి. “అదేనమ్మా, అదే” అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు ఆ చిలుక మాట్లాడింది.

“అమ్మా, ఎవరో వచ్చారు” అంది. రెండుసార్లు అంది.

నాన్న బైనాక్యులర్ దించేశారు. అడవిలో పెరిగిన చిలుక మనిషి మాట పలకదు. నేను గైడు వద్దంటున్నా వినకుండా చెట్టు కిందికి వెళ్లాను. ఎడమ కాలికి సన్నటి నైలాన్ దారం, దాని రెండో కొస కొమ్మకు మూడు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. దారం ఒరుసుకుని కాలి చర్మం ఎర్రగా కమిలిపోయింది. రెక్కల పెద్ద ఈకలు కత్తెరతో ఒకే గీతలో కత్తిరించారు. తోక కొస పంజరం ఊచలకు తగిలి పీచుపీచుగా చీలి ఉంది. పక్కనే సగం తిన్న జామకాయ ముక్క. నన్ను చూసి అది బెదరలేదు. ఏదైనా పెడతానేమోనని మెడ చాచి, నా చేతి వైపు వంగింది. మగవాటి మెడకు వచ్చే నలుపు, గులాబీ పట్టీ దానికి లేదు. రెండు మూడేళ్లు నిండితే గాని ఆ పట్టీ రాదు. ఆడదైనా కావచ్చు, నిరుడో మొన్నటేడో తొర్రలోంచి తీసిన పిల్లయినా కావచ్చు.

బసకు వచ్చి యజమానిని నిలదీశాను. ఆయన కుర్చీలోంచి లేవను కూడా లేదు. “చిలుక కనిపించిందా లేదా మేడం? కనిపించింది కదా” అన్నాడు. డబ్బు తిరిగి ఇమ్మంటే ఇవ్వనన్నాడు. అది సరే. ఆ తర్వాత నాన్న వైపు చేయి చూపించి అన్న మాట నేను మరచిపోలేను. “పెద్దాయనకు ఎలాగూ చూపు ఆనదు. దూరం నుంచి చూసి సంతోషపడి వెళ్లేవారు. మీరే దగ్గరికి వెళ్లి ఆయన సంతోషం చెడగొట్టారు.”

నాన్న పక్కనే నిలబడి ఉన్నారు. ఒక్క మాట కూడా అనలేదు. చెప్పులు వేసుకుని కారు దగ్గరికి నడిచారు.

తప్పు నాది కూడా. అడవి తెలిసినవాళ్లెవరూ ‘తప్పకుండా చూపిస్తాం’ అనరు. ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది. ప్రకటనలోని ఫొటోలన్నిటిలో అదే కొమ్మ ఉందని ఇంటికి వచ్చాక చూసుకున్నాను. మేం కట్టిన డబ్బు కోసమే కదా ఆ దారం కట్టారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరం. జైలుశిక్ష పడే నేరాన్ని రోజూ పొద్దున్నే అతిథులకు చూపించి సొమ్ము చేసుకుంటున్నారు.

కారులో నాన్న అడిగింది ఒక్కటే. “ఆ ఈకలు మళ్లీ వస్తాయా?” వస్తాయని చెప్పాను. పాతవి రాలి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది, అంతవరకు ఎవరూ మళ్లీ కత్తిరించకుండా ఉంటే. కట్టు విప్పి వదిలేద్దామని నాకూ అనిపించింది. కానీ ఎగరలేని పక్షిని అడవిలో వదిలితే కుక్కకో పిల్లికో దొరికిపోతుంది. అందుకే ఫొటోలు, వీడియో మాత్రం తీసుకుని వచ్చాను. రేపు పొద్దున అటవీ అధికారుల చేతికి ఫిర్యాదు ఇస్తున్నాను. డబ్బు రాకపోయినా సరే, ఆ చిలుకను అక్కడి నుంచి తీసుకెళ్లాలి.

చిలుకలు చూడాలనుకునేవారు ఇప్పుడు మోదుగు, బూరుగు పూసే చోట్లకు పొద్దున్నే వెళ్లండి, తేనె కోసం అవే వస్తాయి. ఎవరైనా చూపిస్తామంటే అది ఎగిరే వీడియో ముందు అడగండి. వచ్చే శనివారానికి అక్కడ గది తీసుకున్నవారు రద్దు చేసుకోండి. ఇంతకుముందు వెళ్లొచ్చినవారు తేదీ, రసీదు, ఆ కొమ్మ ఫొటో ఉంటే ఈ రాత్రికే నాకు పంపండి, ఫిర్యాదుతో జత చేస్తాను.