సరయేవోలో రెండు బస్టాండ్లు, మామయ్యగారి రెండు మార్కుల ప్రశ్న

బోస్నియా రాజధాని సరయేవో నుంచి సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌కి బస్సు బుక్ చేసుకునేవాళ్ళు ఈ ఒక్క ముక్క చదివి మిగతాది వదిలేసినా పర్లేదు. టికెట్ మీద ఊరి పేరు ముందు "ఇస్టోచ్నో" అని ఉందేమో చూసుకోండి. అంటే తూర్పు. తూర్పు సరయేవో వేరే ఊరు, దాని బస్టాండు వేరు. ఆ మాట పట్టించుకోనందుకు మాకు 156 మార్కులు బొక్క, టాక్సీకి ఇంకో 30. ఇక్కడి డబ్బుని మార్కు అంటారు, మేము వెళ్ళినప్పుడు మనకి ఒక్కోటి 46 రూపాయలు పడింది, లెక్క మీరే వేసుకోండి.

అసలు ఈ ఊరికి వచ్చింది మామయ్యగారి కోసం. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, భీమవరం మాది. మ్యూనిక్‌లో మా ఇంటికి వస్తూనే "సెరాజివో ఎంత దూరం అమ్మాయ్?" అని అడిగారు. మొదటి ప్రపంచ యుద్ధానికి తక్షణ కారణం ఏమి? సెరాజివోలో ఆస్ట్రియా యువరాజు హత్య, రెండు మార్కులు. ఏళ్ళ తరబడి పిల్లల చేత ఆ జవాబు రాయించిన మనిషి, ఆ మూల ఒకసారి చూడాలన్నారు. అత్తయ్యగారు మాత్రం చంపుకున్న చోట చూసేదేముంది అని మా చెల్లెలి దగ్గర ఉండిపోయారు.

బస గురించి చెప్పాలి. "పాత బజారు నుంచి ఐదు నిమిషాలు" అని రాశారు, మూడు రాత్రులకి 210 యూరోలు. ఐదు నిమిషాలు దిగడానికి. ఎక్కడానికి పాతిక, అదీ మామయ్యగారి మోకాళ్ళతో మూడు చోట్ల కూర్చుంటూ. నిచ్చెనలా ఉంది ఆ వీధి. పైగా టూరిస్టు పన్ను అని చేతిలో మళ్ళీ నగదు అడిగారు, రసీదు లేదు. మా ఆయన మూతి ముడుచుకుని ఆ రాత్రంతా మాట్లాడలేదు. అయితే తిట్టుకుంటూ ఎక్కిన ఆ ఎత్తు మీద నుంచి చూస్తేనే ఊరు అర్థమైంది. చుట్టూ కొండలు, మధ్యలో మూకుడు అడుగులా ఊరు, సన్నగా మిల్యాట్స్కా నది. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు, 1,425 రోజులు, ఈ కొండల మీద నుంచే బోస్నియా సెర్బుల సైన్యం ఊరిని ముట్టడించి, కింద ఉన్న వాళ్ళ మీద ఫిరంగులు పేల్చింది. గురిపెట్టి చూడక్కర్లేదు, ఎవరు నీళ్ళకి వెళ్తున్నారో, ఎవరు రొట్టెకి వెళ్తున్నారో అరచేతిలో కనిపిస్తుంది. ముట్టడి మొదలై ఇరవై ఏళ్ళయినప్పుడు పోయినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఒక ఎర్ర కుర్చీ చొప్పున రోడ్డు మీద 11,541 ఖాళీ కుర్చీలు వేశారట.

లాటిన్ వంతెన దగ్గర మూల నాకైతే మామూలు వీధి మలుపు. మామయ్యగారు మాత్రం అక్కడ గంటన్నర నిలబడ్డారు, మోకాళ్ళు గుర్తే రాలేదు. 1914 జూన్ 28, యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కారు డ్రైవరు తప్పు మలుపు తిప్పి ఆగాడు, ఎదురుగా పంతొమ్మిదేళ్ళ సెర్బు కుర్రాడు గావ్రిలో ప్రిన్సిప్ ఉన్నాడు, యువరాజునీ ఆయన భార్యనీ కాల్చేశాడు, ఇదంతా నాకు క్లాసు చెప్పినట్టే చెప్పారు. అదే పొద్దున బాంబు వేసిన ఇంకో కుర్రాడు నదిలోకి దూకితే నీళ్ళు మోకాలి లోతు కూడా లేవని కూడా. నాకు నచ్చింది మాత్రం అక్కడి బోర్డు కథ. ముందు ఆస్ట్రియావాళ్ళు చనిపోయిన దంపతులకి స్మారకం కట్టారు, వాళ్ళ రాజ్యం పోగానే దాన్ని పీకేశారు. 1930లో ప్రిన్సిప్‌ని పొగుడుతూ పలక పెట్టారు, 1941లో జర్మన్లు వచ్చి దాన్ని ఊడబెరికి హిట్లర్‌కి పుట్టినరోజు కానుకగా పంపారు. యుగోస్లావియాని ఏలిన టిటో రోజుల్లో మళ్ళీ పొగడ్త పలక, ప్రిన్సిప్ నిలబడ్డ చోట కాలి ముద్రలు, వంతెనకే ప్రిన్సిప్ పేరు. 90ల యుద్ధం తర్వాత వంతెనకి పాత పేరు, పలక మీద పొగడ్తా లేదు తిట్టూ లేదు, ఫలానా రోజు ఫలానావాడు చంపాడు, అంతే. "రెండు మార్కుల జవాబు లాగా ఉంది" అన్నారాయన, సంతోషించారో లేదో తెలియలేదు. మ్యూజియం చిన్నది, ఇరవై నిమిషాలు చాలు.

సొరంగం మ్యూజియంకి మా దగ్గర తలకి 20 మార్కులు తీసుకున్నారు, ఇవ్వొచ్చు. ముట్టడి రోజుల్లో విమానాశ్రయం ఐరాస చేతిలో ఉండేది, రన్‌వే మీదుగా జనం దాటకూడదు, అందుకని 1993లో దాని కిందే దాదాపు 800 మీటర్లు తవ్వేశారు. తిండి, మందులు, తుపాకులు, గాయపడ్డవాళ్ళు అన్నీ అందులోంచే. ఇప్పుడు కొన్ని మీటర్లే నడవనిస్తారు, మెడ వంచి నడవాలి. ఆ ఐరాస దళానికి మొట్టమొదటి కమాండర్ మన జనరల్ సతీశ్ నంబియార్ అని మామయ్యగారు గైడుకే చెప్పారు, ఆ అమ్మాయి నోట్ చేసుకుంది కూడా.

మోస్తార్ ఒక్క రోజులో వెళ్ళొచ్చాం. 1993లో కూల్చేసి 2004లో మళ్ళీ కట్టిన వంతెన, జనం, ఎండ. బాగుంది.

తిండికి భయపడ్డాం. చెవాపి అని ప్రతి సందులో కాలుస్తుంటారు, గొడ్డు మాంసం, మామయ్యగారు ఆ వాసన వైపే రారు. రెండో రోజు ఒక చిన్న అంగట్లో క్రొంపిరుషా అని దొరికింది. పల్చటి పిండి పొరల్లో బంగాళదుంప కూర పెట్టి, చుట్టలా చుట్టి, నిప్పుల కింద కాల్చింది. ప్లేటు ఆరు మార్కులు, పక్కన గ్లాసుడు పెరుగు. మన బేకరీ ఆలూ పఫ్ దీని ముందు దండగ, కాస్త పచ్చిమిర్చి పడి ఉంటే ఇంకేం కావాలి. మామయ్యగారు మూడు పూటలా అదే తిన్నారు. దాన్ని బూరెక్ అనకండి, మాంసం ఉన్నదే బూరెక్ అని అంగడావిడ నాకు గట్టిగానే క్లాసు పీకింది.

ఇక నాలుగో రోజు పొద్దున. రైల్వే స్టేషన్ పక్కన పెద్ద బస్టాండుకి అరగంట ముందే చేరాం. కౌంటర్లో ఆవిడ టికెట్ చూసి తల అడ్డంగా ఊపి "నాట్ హియర్" అంది, అంతే, ఇంకో మాట లేదు. మా ఆయనకి టెన్షన్, నాకు ఏడుపు. టాక్సీ అతను మీటరు వెయ్యకుండా 30 అన్నాడు, ఎక్కాం. డోబ్రిన్యా అపార్ట్‌మెంట్లు దాటగానే బోర్డుల మీద రష్యన్‌లా ఉండే సిరిలిక్ అక్షరాలు మొదలయ్యాయి. చెక్‌పోస్టు లేదు, గేటు లేదు. 1995లో యుద్ధం ఆపిన డేటన్ ఒప్పందంలో దేశాన్ని ఫెడరేషన్ (బోస్నియా ముస్లింలు, క్రొయేట్లు), రిపబ్లికా సర్ప్‌స్కా (సెర్బులు) అని రెండు భాగాలు చేసిన గీత అది. మేము వెళ్ళేసరికి బస్సు వెళ్ళి పన్నెండు నిమిషాలు. పాత టికెట్ చెల్లదన్నారు, మళ్ళీ తలకి 52. తర్వాత తెలిసింది, ఊళ్ళోంచి 103 నంబరు ట్రాలీబస్సు డోబ్రిన్యా దాకా వస్తుందని, అప్పట్లో రెండు మార్కులు కూడా అయ్యేది కాదని, అక్కణ్ణించి నడకే అని.

తర్వాతి బస్సుకి మూడు గంటలుంది. మా ఆయన సామాన్ల దగ్గర కూర్చుని ఫోన్లో టికెట్ అమ్మినవాళ్ళకి మెయిల్ కొడుతుంటే, నేనూ మామయ్యగారూ మెల్లగా నడుచుకుంటూ వెళ్తే ఒక పార్కులో ప్రిన్సిప్ నిలువెత్తు విగ్రహం. 2014 జూన్ 27న, నూరేళ్ళు నిండే ముందు రోజు పెట్టారు. మర్నాడు అటువైపు సరయేవోలో, 1992లో తగలబడి మళ్ళీ కట్టిన లైబ్రరీ భవనంలో వియన్నా ఫిల్‌హార్మోనిక్ కచేరీ. ఇటు వీరుడు, అటు హంతకుడు, మధ్యలో ట్రాలీబస్సు దూరం. పిల్లాడికి ఉరి వెయ్యలేదు, ఇరవై ఏళ్ళు నిండలేదని, జైల్లో క్షయతో పోయాడు 1918లో అని మామయ్యగారు చెప్పి బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి "మన ఊళ్ళో అల్లూరి విగ్రహం పెట్టారు కదమ్మా, ఇంగ్లీషువాడు ఆయన్ని ఏమని రాసుకున్నాడు?" అన్నారు. అల్లూరి ఎవరి భార్యనీ చంపలేదు మామయ్యగారూ అన్నాను. అవునన్నారు. పొట్లంలో మిగిలిన క్రొంపిరుషా విప్పి నాకు సగం ఇచ్చారు, చల్లారినా బాగానే ఉంది.

బస్టాండులో ఎవరో పారేసిన సిగరెట్ పెట్టె తీసి చూపించారు మా ఆయన. పొగ తాగితే చస్తారు అని మూడు సార్లు రాసుంది, బోస్నియన్‌లో, క్రొయేషియన్‌లో, సెర్బియన్‌లో. మొదటి రెండూ అక్షరం తేడా లేదు, మూడోది అదే మాట సిరిలిక్‌లో. ఆ పెట్టె మామయ్యగారు జేబులో పెట్టుకుని భీమవరం తీసుకెళ్ళారు.

టికెట్ అమ్మినవాళ్ళు వారానికి జవాబిచ్చారు. ప్రయాణికులు బయల్దేరే చోట లేరు కాబట్టి డబ్బు వాపసు లేదట.