కార్నర్‌బ్యాక్‌ని అంకెలతో కొలవడం: పదిహేనేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మిగతా ఆటగాళ్ల అంకెల్ని కాస్త ధైర్యంగానే నమ్ముతాను గానీ, కార్నర్‌బ్యాక్ (బంతి అందుకోవాలని చూసే రిసీవర్‌ని కాచుకునే ఆటగాడు) అంకెలు కనబడితే ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. అలాగని వదిలేశానా అంటే అదీ లేదు. ఉచితంగా దొరికేవి, డబ్బు కట్టి చూసేవి, ఎక్సెల్‌లో నేనే లెక్క కట్టుకున్నవి, అన్నీ వాడాను.

ఈ పిచ్చి ఎప్పుడు పట్టుకుందో తేదీతో సహా చెప్పగలను. 2010 జనవరి 3, ఆదివారం రాత్రి. న్యూజెర్సీలో పాత జెయింట్స్ స్టేడియంలో ఆఖరి ఆట. జెట్స్‌కీ సిన్సినాటి బెంగాల్స్‌కీ మధ్య. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. చవకలో దొరికిందని పైఅంతస్తు టికెట్ కొన్నాను. అప్పటిదాకా ఆటంతా టీవీలోనే చూసినవాణ్ని. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి, బంతి కదిలిన రెండు సెకన్లకే కార్నర్‌బ్యాక్ తెర దాటిపోతాడు. పైనుంచి చూస్తే మైదానం మొత్తం కనబడుతుంది. జెట్స్ కార్నర్ డరెల్ రీవిస్, బెంగాల్స్ రిసీవర్ చాడ్ ఓచోసింకో పక్కపక్కనే పరుగెత్తడం, బంతి ఇంకెటో పోవడం, ఇద్దరూ చేతులు ఊపుకుంటూ వెనక్కి నడిచి రావడం. ఆ రాత్రి నేను చూసింది ఎక్కువగా ఆ నడకే. ఓచోసింకోకి ఒక్క క్యాచ్ లేదు. జెట్స్ 37-0తో గెలిచింది. మర్నాడు పేపర్లో బాక్స్ స్కోరు చూస్తే ఆ నడక ఎక్కడా లేదు. ఓచోసింకోకి దక్కింది సున్నా అని తెలుస్తుంది గానీ, ఆ సున్నా ఎవరి కష్టమో అందులో రాయరు.

(బెంగాల్స్‌కి అప్పటికే ప్లేఆఫ్ చోటు ఖాయమైపోయింది, ఆ రాత్రి వాళ్లు ప్రాణం పెట్టి ఆడలేదన్న మాటా ఉంది. వారం తర్వాత అదే జట్ల మధ్య ప్లేఆఫ్‌లో ఓచోసింకోకి దక్కింది 2 క్యాచ్‌లు, 28 యార్డులు. అదీ ఏమంత ఎక్కువ కాదు.)

ఈ ఆట అలవాటు లేనివాళ్లకు ఒక్క ముక్క. రిసీవర్ మైదానం అంచున పరుగెత్తి బంతి అందుకోవాలని చూస్తాడు. అతన్ని కాచుకునేవాడు కార్నర్‌బ్యాక్. ఎటు తిరగాలో రిసీవర్‌కి ముందే తెలుసు, కార్నర్‌కి తెలీదు. పైగా కాసేపు వెనక్కి పరుగెత్తుతూ కాచుకోవాలి. పని బాగా చేస్తే అసలు బంతే అటు రాదు. మన క్రికెట్‌లో జడేజా పాయింట్‌లో ఉంటే అటు కొట్టి పరుగుకి బయల్దేరడానికి బ్యాటర్ జంకుతాడు కదా. తీయకుండా వదిలేసిన ఆ పరుగులు స్కోరుకార్డులో ఏ గడిలో కనబడతాయి? కార్నర్ గొడవంతా అదే.

నాకు మొదటి దెబ్బ తగిలింది ఆఫీసు ఫ్యాంటసీ లీగ్‌లో. డిఫెన్స్ ఆటగాళ్లనూ విడివిడిగా ఎంచుకునే లీగ్ అది. ట్యాకిల్‌కి (బంతి ఉన్నవాణ్ని పడగొట్టడం) ఇన్ని పాయింట్లు, ఇంటర్‌సెప్షన్‌కి (అవతలివాళ్లు విసిరిన బంతిని మధ్యలో పట్టేయడం) ఇన్ని. 2010 సీజన్‌కి నేను ఎగబడి రీవిస్‌ని తీసుకున్నాను. ముందు ఏడాది 6 ఇంటర్‌సెప్షన్లు, 31 పాస్‌లు అడ్డుకున్నాడు మరి. ఆ ఏడు ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) మొత్తంలో ఎక్కువ యార్డులు, 1,569, సాధించిన రిసీవర్ ఆండ్రీ జాన్సన్‌ని మొదటి ఆటలోనే 35 యార్డులకు కట్టేశాడు. మరుసటి వారం రాండీ మాస్‌ని 24కి. ఇక మనకు తిరుగేముంది అనుకున్నాను. 2010లో కాంట్రాక్ట్ గొడవతో శిబిరానికి ఆలస్యంగా వచ్చాడు, తొడ కండరం పట్టేసింది, కోలుకున్నాక బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లు అతని వైపు వేయడానికి ఇష్టపడలేదు. ఇంటర్‌సెప్షన్లు సున్నా. సీజన్ అయ్యాక చూస్తే ఆల్‌ప్రో (ఏడాది మేటి ఆటగాళ్ల ఎంపిక) మొదటి జట్టులో అతనున్నాడు, మా లీగ్ పట్టికలో అడుగున నేనున్నాను.

మా ఆఫీసు టీమ్‌లోనే ఒక గుంటూరు కుర్రాడు ఉండేవాడు. అప్పుడే ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చి వారం వారం చితక్కొట్టించుకుంటున్న ఒక కార్నర్‌ని తీసుకుని పాయింట్లు దండుకున్నాడు. బంతులు అతని మీదికే వస్తాయి, రిసీవర్ పట్టుకుంటాడు, ఇతను వెంటపడి పడగొడతాడు, ట్యాకిల్ పాయింట్ పడుతుంది. "అన్నా, మన లీగ్‌లో మంచోడు దండగ. బాదించుకునేవాడే కావాలి" అన్నాడు. నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. కానీ ఆ మాటకు మించిన పాఠం ఆ తర్వాత నేను డబ్బు కట్టి చదివిన వాటిలోనూ పెద్దగా దొరకలేదు.

ఇంటర్‌సెప్షన్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, జనం ముందు చూసేది దాన్నే కాబట్టి. 1952లో 'నైట్ ట్రెయిన్' లేన్ 12 ఆటల సీజన్‌లో 14 పట్టాడు. ఇప్పుడు 17 ఆటలు ఆడుతున్నా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. గొప్ప విషయమే. కానీ నామ్డి అసొముగా సంగతి చూడండి. 2006లో ఓక్లండ్ రైడర్స్‌కి 8 పట్టాడు. తర్వాత మూడేళ్లు ఏడాదికి ఒక్కొక్కటి, 2010లో సున్నా. ఆట తగ్గిందా అంటే, ఆల్‌ప్రో మొదటి జట్టులో చోటు దొరికింది 2008లో, 2010లో. అంటే 8 పట్టినందుకు దక్కిన బహుమానం ఏమిటంటే, మళ్లీ ఎవరూ అటు వేయకపోవడం.

దీనికి అటు చివర ట్రెవాన్ డిగ్స్. 2021లో డాలస్ కౌబాయ్స్‌కి 11 ఇంటర్‌సెప్షన్లు. అదే సీజన్‌లో అతను కాచుకున్న రిసీవర్లకు దక్కిన యార్డులు ఒక లెక్క ప్రకారం వెయ్యి దాటాయి, లీగ్‌లో ఏ కార్నర్‌కంటే కూడా ఎక్కువ. ఇంకో లెక్క ప్రకారం వెయ్యిలోపే. ఆ ఏడాది మా ఇంట్లో ఫుట్‌బాల్ వాదనలన్నీ అతని గురించే. నా ఉద్దేశం అడిగితే, 11 అంటే 11 సార్లు బంతి మన జట్టు చేతికి వచ్చినట్టు. దాన్ని కొట్టిపారేయడం తెలివి అనిపించుకోదు. కానీ అతను పరుగు మధ్యలో రిసీవర్‌ని వదిలి క్వార్టర్‌బ్యాక్ కళ్లు చూస్తూ జూదం ఆడతాడు. పందెం కలిసొస్తే ఇంటర్‌సెప్షన్, లేకపోతే యాభై యార్డులు. వచ్చే ఏడు కూడా కలిసొస్తుందని ఆ 11 మనకు హామీ ఇవ్వదు.

అడ్డుకున్న పాస్‌ల లెక్క ఇంతకంటే కాస్త నయం. చేయి తగలడం అనేది ఇంటర్‌సెప్షన్ కంటే ఎక్కువసార్లు జరుగుతుంది కాబట్టి అదృష్టం పాలు తగ్గుతుంది. అంతే. బంతి వస్తేనే చేయి తగులుతుంది, అదే పాత రోగం.

ఇక అందరూ గొప్పగా చెప్పుకునే అంకె: ఒక కార్నర్ వైపు వేసినప్పుడు క్వార్టర్‌బ్యాక్ రేటింగ్ (విసిరిన బంతుల ఫలితాన్ని ఒక్క అంకెలో చెప్పే లెక్క) ఎంత అనేది. కార్నర్‌కి అది ఎంత తక్కువైతే అంత మంచిది. ఒకప్పుడు నేనూ దీన్నే నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఈ రేటింగ్‌కి గరిష్ఠం 158.3. వేసిన ప్రతి బంతినీ నేలకేసి కొట్టినా 39.6 వస్తుంది. సూత్రం పెట్టి ఒకసారి చేత్తో లెక్క కట్టాక నా మోజు తీరిపోయింది. ఒక సీజన్‌లో ఒక కార్నర్ మీదికి 60 బంతులు వచ్చాయనుకోండి. అందులో ఒక్క ఇంటర్‌సెప్షన్ రేటింగ్‌ని దాదాపు 7 పాయింట్లు దింపేస్తుంది. గడ్డి మీద కాలు జారి ఒక్క 60 యార్డుల టచ్‌డౌన్ ఇచ్చుకుంటే సుమారు 11 పాయింట్లు పెరుగుతుంది. ఒక్క జారుడుకు ఇంత తేడా! ఇద్దరి మధ్య 15 పాయింట్ల తేడా చూపించి, ఇతను గొప్ప, అతను దండగ అని నేనెన్ని వాదనలు చేశానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

దీనికంటే లోతైన చిక్కు ఇంకోటుంది. ఆ 60 బంతులు ఇతని మీదికే వచ్చాయని ఎవరు చెప్పారు? వీడియో చూసి లెక్క రాసేవాళ్లు. ఒక్కో రిసీవర్ వెంట ఒక్కో కార్నర్ పరుగెత్తే మ్యాన్ కవరేజ్‌లో సందేహం లేదు. మనిషిని కాక మైదానంలో ఒక భాగాన్ని కాచుకునే జోన్‌లో అలా కాదు. కవర్ త్రీ అనే పద్ధతిలో కార్నర్ తన వైపు లోతున్న మూడో వంతు మైదానాన్ని కాచుకోవాలి, తలమీదుగా బంతి పోనివ్వకూడదు. రిసీవర్ పన్నెండు యార్డుల దగ్గర ఆగి వెనక్కి తిరిగి బంతి పట్టుకుంటే, అక్కడికి చేరాల్సింది లోపలున్న లైన్‌బ్యాకర్ కావచ్చు. ఆలస్యమైంది అతను. కానీ వీడియోలో దగ్గరగా కనబడేది కార్నరే, క్యాచ్ అతని ఖాతాలో పడుతుంది. కోచ్ ఏం చెప్పి పంపాడో లెక్క రాసేవాళ్లకు తెలిసే దారి లేదు. డిగ్స్ యార్డులు రెండు చోట్ల రెండు రకాలుగా ఉండటానికి ఇదే కారణం. నేను వాడిన రెండు సేవల్లో ఒకే ఆటగాడికి, ఒకే ఆటలో, ఒకచోట 7 టార్గెట్లు (అతని వైపు వేసిన బంతులు), ఇంకోచోట 4 కనబడ్డ రోజులున్నాయి. ఒకసారి ఈ విషయమే అడుగుతూ డబ్బు కట్టిన సేవకు మెయిల్ పెట్టాను. పేరెందుకులెండి. మా పద్ధతి మాది అన్నట్టు రెండు వాక్యాల జవాబొచ్చింది.

చివరికి నాకు అచ్చొచ్చిన అంకె, కవరేజ్ స్నాప్‌కి ఇచ్చిన యార్డులు, అంటే రిసీవర్‌ని కాచుకోవడానికి దిగిన ఒక్కోసారికి సగటున ఎన్ని యార్డులు ఇచ్చాడన్నది. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. ఇద్దరు కార్నర్లూ 550 సార్లు కవరేజ్‌లో దిగారనుకుందాం. మొదటివాడి మీదికి 90 బంతులు, 50 క్యాచ్‌లు, 600 యార్డులు. రెండోవాడి మీదికి 45 బంతులు, 30 క్యాచ్‌లు, 400 యార్డులు. క్యాచ్‌ల శాతం చూస్తే మొదటివాడు 56, రెండోవాడు 67. వేసిన బంతికి యార్డులు చూసినా మొదటివాడే మెరుగు, 6.7కి 8.9. కానీ స్నాప్‌కి లెక్క కడితే మొదటివాడు 1.09, రెండోవాడు 0.73. ఇప్పటిదాకా చెప్పిన వాటిలో రాని బంతుల్ని కూడా పద్దులో వేసుకునే లెక్క ఇదొక్కటే. 2014 సీజన్ మొదటి ఆటలో గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ ఏరన్ రాడ్జర్స్ సియాటిల్‌లో రిచర్డ్ షెర్మన్ వైపు ఒక్క బంతీ వేయలేదు. మిగతా ఏ అంకె చూసినా ఆ రాత్రి షెర్మన్ పని చేయనట్టే.

దీనికీ లొసుగులున్నాయి. అవతలి అంచున ఉన్న కార్నర్ బలహీనుడైతే బంతులన్నీ అటే పోతాయి, మనవాడు ఊరికే మెరుస్తాడు. మన లైన్‌మెన్ క్వార్టర్‌బ్యాక్ మీదికి తొందరగా చేరుకుంటే కార్నర్ పని సగం తగ్గుతుంది. బుమ్రా ఒక వైపు కట్టేస్తే రెండో ఎండ్‌లో వికెట్లు పడ్డట్టే. ఇక పెనాల్టీలు! పాస్ ఇంటర్‌ఫెరెన్స్‌కి (బంతి అందకముందే రిసీవర్‌ని పట్టుకుని అడ్డుకోవడం) ప్రొఫెషనల్ లీగ్‌లో తప్పు జరిగిన చోటికే బంతి తీసుకెళ్లి పెడతారు, 40 యార్డులైనా సరే. ఆ యార్డులు కవరేజ్ లెక్కలో ఎక్కడా పడవు. రిసీవర్ చొక్కా పట్టి లాగి బతికే కార్నర్‌ని అంకెలు చూసి మెచ్చుకున్న పాపం నాదీ ఉంది. ఇప్పుడు పెనాల్టీ యార్డుల్ని నా షీట్‌లో నేనే కలుపుకుంటాను. అయిదు నిమిషాల పని.

ప్రతి స్నాప్‌కీ మార్కులిచ్చి వందకి గ్రేడ్ వేసే పద్ధతి కూడా కొన్నేళ్లు వాడాను. బంతి రాని స్నాప్‌లనీ చూస్తారు కాబట్టి సూత్రంగా అది సరైనదే. కానీ 78కీ 74కీ తేడా ఏమిటంటే నాకు అర్థం కాలేదు, అడిగినా చెప్పేవాళ్లు లేరు. భుజాల ప్యాడ్లలో చిప్పులు పెట్టి సెకనుకి పదిసార్లు ఎవరెక్కడున్నారో రాసే పద్ధతి వచ్చాక మాత్రం ఆశ కలిగింది. బంతి వేసినా వేయకపోయినా రిసీవర్‌కీ కార్నర్‌కీ ఎడం ఎంతో తెలిసిపోతుంది కదా. లీగ్ ఏటా పెట్టే బిగ్ డేటా బౌల్ పోటీకి 2021లో ఇచ్చిన అంశం ఇదే, పాస్ కవరేజ్. 2018 సీజన్ డేటా అందరికీ ఇచ్చారు. మా స్నేహితుల్లో డేటా పని చేసే ఇద్దరితో కలిసి నేనూ కూర్చున్నాను. మూడు వీకెండ్లు పోయాక తేలిందేమిటంటే, ఎడం కొలవడం తేలిక, ఆ ఎడం ఎవరి తప్పో చెప్పడం మళ్లీ కోచ్ మాట తెలిస్తేనే.

అసొముగా కథకు రెండో భాగం ఉంది. 2011లో ఫిలడెల్ఫియా ఈగల్స్ అయిదేళ్లకు 6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసింది. ఓక్లండ్‌లో రిసీవర్ ముఖం మీదే నిలబడి ఒక అంచు కాచుకున్నవాణ్ని ఇక్కడ వేరే చోట్ల, వేరే పద్ధతిలో ఆడించారు. 2013 మార్చిలో వదిలేశారు. ఓక్లండ్ అంకెలు అబద్ధం చెప్పలేదు. అవి ఓక్లండ్ పద్ధతిలో అసొముగా అంకెలు, అంతే. జట్టు మారిన కార్నర్‌ని పాత అంకెలతో ఎవరైనా పొగిడితే నేను అప్పట్నుంచీ చెవిన పెట్టుకోను.

ఈ అంకెల్ని డబ్బు పెట్టి ఎవరు కొనాలి అంటారా? ఫ్యాంటసీ కోసమైతే వద్దు, అక్కడ బాదించుకునేవాడే రాజు. ఆట అర్థం చేసుకోవాలనుకుంటే గ్రేడ్లకు కాదు, 22 మందీ కనబడేలా తీసిన వీడియోకి డబ్బు పెట్టండి. 2012 నుంచి మామూలు జనానికీ అమ్ముతున్నారు. నేను ముందు స్నాప్‌కి యార్డులు, ఎన్నిసార్లు అటు వేశారు, పెనాల్టీలు చూసి, అనుమానం వచ్చినవాడి వీడియో తెరుస్తాను. 2023లో కార్నర్ సాస్ గార్డ్‌నర్ ఒక్క ఇంటర్‌సెప్షన్ లేకుండా ఆల్‌ప్రో మొదటి జట్టులోకి వచ్చినప్పుడు మా అబ్బాయి "సున్నాకి ప్రైజ్ ఏంటి నాన్నా?" అని గొడవపెట్టాడు. ఒక ఆట మొత్తం ఆ వీడియో పెట్టి, బంతి వైపు చూడొద్దు, ఇతన్నే చూడు అన్నాను. పావుగంట చూసి, "ఊరికే నడుస్తున్నాడు" అని లేచిపోయాడు.