ఐండ్‌హోవెన్‌లో రెండు రోజులు: ఫిలిప్స్ రేడియోల పుట్టింట్లో

తెనాలిలో మా తాతగారి ఇంట్లో గోడగూట్లో ఒక ఫిలిప్స్ వాల్వు రేడియో ఉండేది. స్విచ్చు వేయగానే అది పలికేది కాదు. ముందు స్టేషన్ల అద్దం వెనుక చిన్న దీపం వెలిగి, వాల్వులు వేడెక్కి, స్టేషను కుదిరిందో లేదో చూపే పచ్చని కన్ను మెల్లగా విచ్చుకుని, ఆ తరువాత గరగరలోంచి విజయవాడ కేంద్రం వినిపించేది. ఆ పెట్టె పుట్టింటిని చూడాలన్న కోరిక ఇన్నేళ్లకు తీరింది.

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నేరుగా వెళ్లే రైలులో గంటన్నర లోపే ఐండ్‌హోవెన్ చేరుకోవచ్చు. స్టేషన్ నుంచి ఫిలిప్స్ మ్యూజియానికి నడిచే వెళ్లాను. 1891లో గెరార్డ్ ఫిలిప్స్, తన తండ్రి ఫ్రెడెరిక్ పెట్టుబడితో విద్యుద్దీపాలు చేయడం మొదలుపెట్టిన భవనం అదే. సంస్థ చరిత్ర మొత్తాన్ని చెప్పే చోటు కనుక రేడియోలు అందులో ఒక భాగం మాత్రమే. అయినా నేను ఎక్కువ సేపు నిలబడిపోయింది అక్కడే. దీపం చేసేవారు రేడియోకు ఎలా వచ్చారన్న ప్రశ్నకు జవాబు వాల్వులోనే ఉంది: గాజు బుడ్డి, లోపల సన్నని తీగ, గాలి తీసేసిన ఖాళీ. ఆ పనితనం చేతిలో ఉన్నందువల్లనే వారు ముందు వాల్వులు, 1927లో సొంత రేడియో సెట్టు తేగలిగారు. ఆ ఏడే ఇక్కడి నుంచి షార్ట్‌వేవ్ ప్రసారాలు డచ్ ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) దాకా వినిపించాయి. 1932 నాటికి పది లక్షల సెట్లు అమ్ముడుపోయాయి. ఫిలైట్ అని వారు పేరు పెట్టుకున్న బేకలైట్‌తో, అంటే తొలినాళ్ల ప్లాస్టిక్‌తో, పోసిన పెట్టెల నునుపూ, గోధుమరంగు నిగనిగా ఫోటోల్లో తెలియవు, దగ్గరగా చూడవలసిందే.

ఫిలిప్స్ 1930లోనే కలకత్తాలో అడుగుపెట్టినా, అక్కడ రేడియోల తయారీ మొదలైంది 1948లో. అదే సంవత్సరం డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. పలికే పెట్టె, పలికించే కేంద్రం మన దేశంలో ఒకే ఏట మొదలయ్యాయన్న సంగతి ఆ అద్దాల బీరువాల ముందు నిలబడినప్పుడు గుర్తొచ్చి, చాలాసేపు కదలలేకపోయాను.

బస విషయంలో మాత్రం నేను పొరపడ్డాను. చౌకగా దొరికిందని ఊరి అంచున తీసుకున్న గదిలో కిటికీ సరిగా మూసుకోక రాత్రంతా చలి. చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. మ్యూజియం దగ్గరలోనే, ఒకప్పుడు దీపాలను పరీక్షించిన లిఖ్ట్‌టోరెన్ గోపురంలో ఇప్పుడు హోటల్ నడుస్తోంది. ఈసారి వెళితే ఖర్చు ఎక్కువైనా అక్కడే దిగుతాను.

రెండో రోజు ఫిలిప్స్ పాత కర్మాగారాల ప్రాంతమైన స్ట్రైప్-ఎస్‌కు వెళ్లాను; ప్రధాన స్టేషన్ నుంచి లోకల్ రైలులో ఒక్క స్టేషనే. ఉద్యోగులను తప్ప ఎవరినీ లోపలికి రానివ్వనందువల్ల ఊరివారు దానిని ‘నిషిద్ధ నగరం’ అనేవారట. ఆ కర్మాగారాల్లో ఇప్పుడు ఇళ్లూ, దుకాణాలూ ఉన్నాయి. రెండు భవనాలకు ఫిలిప్స్ అన్నదమ్ములు ఆంటన్, గెరార్డ్‌ల పేర్లే ఉన్నాయి. ఫిలిప్స్ 1966లో కట్టిన, ఎగిరే పళ్లెం ఆకారపు ప్రదర్శనశాల ఎవోలువాన్‌ను బయటి నుంచే చూశాను. రేడియో కోసం వచ్చినవారికి అది తప్పనిసరి కాదు. ఒక్క రోజే చేతిలో ఉంటే పొద్దున మ్యూజియం, సాయంత్రం స్ట్రైప్-ఎస్ పెట్టుకోండి. సోమవారం మ్యూజియానికి సెలవు.