పెన్ డ్రైవ్‌లో ఫైళ్లు పోతే ఏది మేలు: రెకువా, డీఎండీఈ, ఫొటోరెక్, ల్యాబ్?

పోయినేడు దసరాకు వారం ముందు మా పెద్దమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, అమ్మ పాటలున్న పెన్ డ్రైవ్ ఖాళీగ చూపెడుతున్నది" అంది. మా అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటలు, నాట్లేసేటప్పటి పాటలు, అప్పగింతల పాటలు నాలుగైదేళ్ల పాటు ఫోన్లో రికార్డు చేసుకుని, 16 జీబీ పెన్ డ్రైవ్‌లో దాచుకుంది పెద్దమ్మ. అమ్మమ్మ ఇప్పుడు లేదు, ఆ ఫోన్ కూడా ఎప్పుడో పాడైపోయింది. ఏదో కాగితం ప్రింట్ తీయించుకుందామని జిరాక్స్ షాపులో ఇస్తే, అక్కడి కంప్యూటర్ "ఈ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి" అని అడిగిందట, ఆ పిల్లగాడు ఓకే కొట్టేశాడు. అంతే, పాటలన్నీ పోయాయి.

తర్వాత రెండు రాత్రులు నేను ఆ పెన్ డ్రైవ్ మీదే కూర్చున్నాను. అప్పటిదాకా నాకూ అందరిలాగే "రికవరీకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది" అని వెతకడమే తెలుసు. అసలు వేసుకోవాల్సిన ప్రశ్న అది కాదని ఆ రెండు రాత్రుల్లో అర్థమైంది. ఫైల్ ఎలా పోయిందో ముందు తేల్చుకోవాలి. డిలీట్ అయిందా, ఫార్మాట్ అయిందా, వైరస్ దాచేసిందా, అసలు పెన్ డ్రైవే చచ్చిపోయిందా? ఒక్కోదానికి ఒక్కోటి పనిచేస్తుంది, ఒకదానికి మంచిదే ఇంకోదానికి ఎందుకూ పనికిరాదు.

ఏ సాఫ్ట్‌వేర్ జోలికీ వెళ్లకముందు రెండు నిమిషాల పని ఒకటుంది. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఎంత జాగా వాడినట్టు ఉందో చూడండి. లోపల ఏమీ కనపడటం లేదు కానీ 9 జీబీ వాడినట్టు చూపిస్తోందంటే ఫైళ్లు చాలావరకు పోలేదు, దాక్కున్నాయి. నెట్ సెంటర్లలో, కాలేజీ ల్యాబుల్లో అంటుకునే షార్ట్‌కట్ వైరస్ చేసే పనే ఇది: అసలు ఫోల్డర్లను హిడెన్ చేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. ఆ షార్ట్‌కట్లను నొక్కకండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, కిందనే "ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్"ను దాచమనే టిక్ కూడా తీసేయండి. ఈ రెండో టిక్ సంగతి చాలామందికి తెలియదు, అది తీయకపోతే సగం ఫోల్డర్లు కనపడనే కనపడవు. కొన్నిసార్లు పేరే లేని ఒక ఫోల్డర్ కనిపిస్తుంది, మీవన్నీ అందులోనే ఉంటాయి. దీనికి రికవరీ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, యాంటీవైరస్‌తో శుభ్రం చేసి కాపీ చేసుకుంటే చాలు. అలాగే ఫైల్‌ను మ్యాక్‌లోనో లినక్స్‌లోనో డిలీట్ చేసి ఉంటే, ట్రాష్ ఆ పెన్ డ్రైవ్ లోపలే హిడెన్ ఫోల్డర్‌గా ఉండొచ్చు, అదీ చూడండి. విండోస్‌లో మాత్రం పెన్ డ్రైవ్ నుంచి డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌కు వెళ్లదు, నేరుగా పోతుంది.

నేరుగా పోతుంది అన్నాను గానీ, నిజానికి వెంటనే పోయేది ఫైల్ కాదు, దాని గుర్తు. పెన్ డ్రైవ్‌లు ఫైళ్లను అమర్చుకునే పద్ధతి ఎక్కువగా ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉంటుంది. ఫ్యాట్32లో ఒక ఫైల్ డిలీట్ చేస్తే, డైరెక్టరీలో దాని ఎంట్రీ మొదటి బైట్ మారిపోతుంది, అది వాడుకున్న జాగా ఖాళీ అని పట్టికలో రాసుకుంటుంది. లోపలి డేటా ఉన్నచోటే ఉంటుంది, ఇంకో ఫైల్ వచ్చి దాని మీద పడేదాకా. క్విక్ ఫార్మాట్ కూడా దాదాపు ఇంతే, పట్టికలు కొత్తగా వేస్తుంది తప్ప డేటాను తుడవదు. కానీ ఫుల్ ఫార్మాట్ అలా కాదు, విండోస్ విస్టా నుంచి అది డ్రైవ్ అంతా సున్నాలు రాసేస్తుంది, దాని తర్వాత ఇక్కడ చెప్పేవేవీ పనిచేయవు. మా పెద్దమ్మది క్విక్ ఫార్మాట్ కాబట్టి బతికిపోయాం, ఆ టిక్ మామూలుగా ముందే పెట్టి ఉంటుంది.

అందుకే ఫైల్ పోయిందని తెలిసిన క్షణం నుంచి ఆ డ్రైవ్‌లో కొత్తగా ఏదీ రాయకూడదు. కాపీ చేయొద్దు, టీవీకి పెట్టొద్దు, రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అందులోనే డౌన్‌లోడ్ చేయొద్దు. ఊరికే గుచ్చినా విండోస్ తన సిస్టమ్ ఫోల్డర్ ఒకటి అందులో పెట్టుకుంటుంది, కాబట్టి పదిసార్లు పీకి పెట్టి చూడొద్దు. విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ నడపొద్దు, అది పట్టికలను తనకు తోచినట్టు సరిచేసి, మిగిలిన ముక్కలను ఫౌండ్ అనే ఫోల్డర్లో పేర్లు లేకుండా పడేస్తుంది. నన్నడిగితే మొదట చేయాల్సింది పెన్ డ్రైవ్ మొత్తాన్ని బైట్ టు బైట్ ఒక ఇమేజ్ ఫైల్‌గా, అంటే అచ్చు నకలుగా, కంప్యూటర్‌లోకి తీసుకోవడం. విన్32 డిస్క్ ఇమేజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రీడ్ బటన్ నొక్కితే అయిపోతుంది (పొరపాటున రైట్ నొక్కకండి, అది ఎదురు పని). 16 జీబీ డ్రైవ్‌కు 16 జీబీ జాగా కావాలి, నాకు పావుగంట పైనే పట్టింది. డ్రైవ్ మధ్యలో ఆగిపోతూ, ఎర్రర్లు ఇస్తూ ఉంటే లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ మేలు, అది చదవగలిగినవి ముందు చదివేసి, మొరాయించిన చోట్లకు తర్వాత మళ్లీ వస్తుంది. ఆ తర్వాత ఏ ప్రయోగం చేసినా ఇమేజ్ మీదే, పెన్ డ్రైవ్ డబ్బాలోకి.

ఇక దేన్ని ఎప్పుడు వాడాలో చూద్దాం.

ఇప్పుడే, ఇందాకే, ఒకటి రెండు ఫైళ్లు పొరపాటున డిలీట్ చేశారనుకోండి, రెకువా చాలు. విండోస్‌లోనే నడుస్తుంది, ఉచితం, పేర్లతో చూపిస్తుంది, పక్కన ఆకుపచ్చ, నారింజ, ఎరుపు చుక్కలు పెడుతుంది. కానీ ఆకుపచ్చ చుక్కను పూర్తిగా నమ్మొద్దు. ఫ్యాట్32లో డిలీట్ అయిన ఫైల్ ఎక్కడ మొదలైందో చాలాసార్లు తెలుస్తుంది గానీ, తర్వాతి ముక్కలు ఎక్కడున్నాయో చెప్పే గొలుసు చెరిగిపోతుంది, కాబట్టి సాఫ్ట్‌వేర్ వరసగానే ఉన్నాయనుకుని తీస్తుంది. డ్రైవ్ నిండిపోయి ఫైల్ ముక్కలు ముక్కలుగా పడి ఉంటే, పేరూ సైజూ సరిగ్గా వస్తాయి, ఫైల్ మాత్రం తెరుచుకోదు. ఇంకో లోటు, రెకువా ఇమేజ్ ఫైల్‌ను నేరుగా తెరవలేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే విండోస్ ఫైల్ రికవరీ అని 2020లో వచ్చింది, అదీ ఉచితమే, కానీ మౌస్‌తో పని కాదు, కమాండ్ టైప్ చేయాలి, పెన్ డ్రైవ్‌లకైతే ఎక్స్‌టెన్సివ్ మోడ్ పెట్టుకోవాలి. కమాండ్లు అలవాటు ఉన్నవాళ్లకు సరే, ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం నేను రెకువానే చెప్తాను.

ఫార్మాట్ అయిందా, అప్పుడు రెకువాను పక్కన పెట్టి డీఎండీఈ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. చూడటానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా అంకెలూ పట్టికలూ ఉంటాయి, మొదటిసారి కొంచెం టెన్షన్ పెడుతుంది, అయినా దాని పని వేరు. క్విక్ ఫార్మాట్‌లో ఫ్యాట్32 డ్రైవ్ పైమెట్టు, అంటే తెరవగానే కనిపించే జాబితా చెరిగిపోతుంది, కానీ ఫోల్డర్ల లోపలి జాబితాలు డేటా భాగంలోనే ఉంటాయి కాబట్టి అవి మిగులుతాయి. డీఎండీఈ ఫుల్ స్కాన్‌లో వాటిని వెతికి పట్టుకుని, అప్పటి ఫోల్డర్లను లోపలి పేర్లతో సహా నిలబెడుతుంది. ఉచిత ఎడిషన్‌లో ఒక్కసారికి ఒక్క ఫోల్డర్ నుంచి 4000 ఫైళ్ల దాకా తీసుకోవచ్చు, ఇంటి అవసరానికి అది ఎక్కువే.

మా పెద్దమ్మ డ్రైవ్‌లో ఇదే జరిగింది. నాట్ల పాటలన్నీ మా చెల్లె ఎప్పుడో ఒక ఫోల్డర్లో వేసి, ఒక్కోదానికి తెలుగులో పేరు పెట్టింది. రాత్రి పదకొండున్నరకు స్కాన్ అయ్యాక, నల్లటి అంకెల మధ్య "అమ్మ నాట్ల పాట 3" అని తెలుగు అక్షరాల్లో కనపడేసరికి నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఆ ఫోల్డర్లో 61 ఫైళ్లు, 61 కూడా మోగాయి. కానీ బతుకమ్మ పాటలు, అప్పగింతల పాటలు పెద్దమ్మ ఏ ఫోల్డర్ లేకుండా పైనే వేసింది. వాటి జాబితా ఫార్మాట్‌లో చెరిగిపోయింది, డీఎండీఈకి వాటి పేర్లు దొరకలేదు.

అక్కడే ఫొటోరెక్ అవసరం పడింది. పేరు చూసి ఫొటోలకే అనుకుంటారు, కాదు, 480కి పైగా రకాల ఫైళ్లను గుర్తుపడుతుంది. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన రాసింది, పూర్తిగా ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది. ఇది పట్టికలను అసలు పట్టించుకోదు, డ్రైవ్ మొదటి నుంచి చివరిదాకా చదువుతూ పోయి, ప్రతి రకం ఫైల్‌కు మొదట్లో ఉండే గుర్తును బట్టి "ఇక్కడో జేపెగ్ మొదలైంది, ఇక్కడో పీడీఎఫ్" అని లాగుతుంది. చాలాసార్లు ఎంతో కొంత ఇస్తుంది. కానీ పేర్లు రావు, ఫోల్డర్లు రావు, అన్నీ ఎఫ్ అక్షరం వెనక అంకెలతో వరసగా పడి ఉంటాయి. ఫొటోలకైతే ఇది పెద్ద బాధ కాదు, తీసిన తేదీ చాలాసార్లు ఫొటో లోపలే ఉంటుంది. వర్డ్ ఫైళ్లకూ పాటలకూ మాత్రం ఒక్కోటి తెరిచి చూసుకోవాల్సిందే. ఫైల్ ఆప్షన్స్‌లోకి వెళ్లి మీకు కావలసిన రకాలే టిక్ పెట్టుకోండి, లేకపోతే ఎప్పటెప్పటి చెత్తో బయటికొస్తుంది. కమాండ్ తెర భయపెడితే, అదే ప్యాకేజీలో క్యూఫొటోరెక్ అని మౌస్‌తో నడిచేది ఉంటుంది.

దాని తోబుట్టువు టెస్ట్‌డిస్క్. డ్రైవ్‌ను గుచ్చగానే "ఫార్మాట్ చేయాలి" అని అడిగితే, మీరింకా ఏమీ నొక్కకపోతే ముందు వాడాల్సింది ఇదే. ఆ మెసేజ్‌కు అర్థం చాలాసార్లు బూట్ సెక్టార్, అంటే డ్రైవ్ ఎలా అమర్చి ఉందో చెప్పే మొదటి భాగం, పాడైందని మాత్రమే. ఫ్యాట్32 ఆ సెక్టార్‌కు ఒక నకలు అదే డ్రైవ్‌లో ఉంచుకుంటుంది, టెస్ట్‌డిస్క్ ఆ నకలును తెచ్చి పెట్టగలదు, అన్నీ పేర్లతో, ఫోల్డర్లతో తిరిగొస్తాయి. ఇది మాత్రం డ్రైవ్ మీద రాసే పని కాబట్టి ఇమేజ్ లేకుండా చేయొద్దు. ఆ షాపు పిల్లగాడు ఓకే నొక్కకుండా ఉండి ఉంటే, నా రెండు రాత్రుల పని బహుశా పావుగంటలో అయ్యేది.

డేటా రికవరీ ల్యాబ్‌కు ఎప్పుడు పోవాలి? పెన్ డ్రైవ్ గుచ్చితే కంప్యూటర్‌కు ఉలుకూ పలుకూ లేనప్పుడు, లేదా సైజు సున్నా చూపిస్తూ "డిస్క్ పెట్టండి" అన్నప్పుడు. అప్పుడు సమస్య ఫైళ్లది కాదు, మెమరీని నడిపే కంట్రోలర్ చిప్‌ది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని దాటి లోపలికి పోలేదు. పాతకాలం డ్రైవ్‌లలో మెమరీ చిప్ విడిగా ఉంటుంది, దాన్ని ఊడదీసి వేరే యంత్రంతో చదివి, కంట్రోలర్ చిందరవందరగా పరిచిన డేటాను మళ్లీ వరస కడతారు. ఇప్పటి గోరంత డ్రైవ్‌లలో అన్నీ ఒకే ముద్దలో ఉంటాయి, పూత గీకి సన్నటి తీగలు అతికించాలి, ఖర్చు వేలల్లోకి పోతుంది. వంగి, మూతి విరిగిన డ్రైవ్ అయితే అంత దూరం పోనక్కర్లేకపోవచ్చు, యూఎస్‌బీ 2.0కి ఉండేవి నాలుగే కాంటాక్టులు, చేయి తిరిగిన సోల్డరింగ్ మనిషి కలపగలడు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు) పొమ్మని అందరూ చెప్తారు. పోండి, కానీ ఇచ్చేముందు అడగండి: ముందు ఇమేజ్ తీస్తారా, డేటా రాకపోతే డబ్బు తీసుకుంటారా, డబ్బు కట్టేముందు దొరికిన ఫైళ్ల జాబితా చూపిస్తారా? డ్రైవ్ మామూలుగా తెరుచుకుంటుంటే మాత్రం, షాపులోనూ చాలావరకు పైన చెప్పినలాంటి సాఫ్ట్‌వేరే నడుపుతారు, అది ఇంట్లో మీరే చేసుకోవడం మేలు. మీ ఆధార్ స్కాన్లు, బ్యాంకు కాగితాలు ఎవరి కంప్యూటర్‌లోనో పడి ఉండవు.

కొన్నాళ్లుగా అయిదారొందలకే 2 టీబీ అని అమ్మే పెన్ డ్రైవ్‌లు కొన్నవాళ్లకు పై నాలుగూ పనిచేయవు. లోపల ఉండేది కొద్ది జీబీల చిప్పే, నిండిపోయాక వచ్చినవి అసలు ఎక్కవు, లేదా పాతవాటి మీదే పడతాయి. అందులో పోయినవాటి కోసం ల్యాబ్‌కు డబ్బు పెట్టకండి. కొత్త డ్రైవ్ కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో అసలు సైజు ఒకసారి చూసుకోండి.

ఫొటోరెక్ మాకు 118 ఆడియో ఫైళ్లు ఇచ్చింది, అందులో డీఎండీఈ ముందే ఇచ్చినవీ ఉన్నాయి. అవి తీసేస్తే కొత్తవి 57. సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం పెద్దమ్మ, నేను, చెల్లె ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కోటీ పెట్టాం. పెద్దమ్మ రెండు మాటలు వినగానే ఏ పాటో, ఏ ఏడాదో, అప్పుడు పక్కన ఎవరున్నారో చెప్తుంటే చెల్లె పేరు టైప్ చేసింది. ఒకదాంట్లో పాట మధ్యలో అమ్మమ్మ ఆగి "ఆ ఫోను దగ్గరికి తేవే" అనడం వినపడింది, పెద్దమ్మ దాన్ని నాలుగుసార్లు పెట్టించుకుంది. రెండు ఫైళ్లు సగంలో తెగిపోయి బరబరమంటున్నాయి, ముక్కలు వేరే ఎక్కడో పడ్డాయన్నమాట. "ఇంకోసారి చూడు బిడ్డా" అంది పెద్దమ్మ. ఆ ఇమేజ్ ఫైల్ నా దగ్గర రెండు హార్డ్ డిస్కుల్లో ఉంది, ఆ రెండింటి కోసం ఇంకా చూస్తూనే ఉన్నాను.